మిరియాల మచ్చల చిరుతలు

నిన్న రాజాంలో నేను మూడు చిరుతల్ని పోగొట్టుకున్నాను. నవ్వకండి, ఒక్కోదాన్ని ఎంత ముద్దుగా తయారు చేశానో మీకేం తెలుసు!

ఆదివారం మధ్యాహ్నాలు అక్కావాళ్లింట్లో మేం ఒక డైస్ గేమ్ ఆడతాం. చార్టు మీద గీసిన మంత్రాల అడవి. అందులో అక్క వైద్యురాలు. ధాన్యం వ్యాపారం చేసే మా బావ కత్తివీరుడు. కథ నడిపేదీ, మృగాల్ని వదిలేదీ నేను. ఆర్నెల్లుగా నేనేది వదిలినా బావ ఆవులిస్తున్నాడు! రోషమొచ్చి పందెం కట్టాను.

"ఈసారి నేనొదిలే చిరుతల దెబ్బకి మీలో ఒక్కరైనా పడకపోతే కథ చెప్పే కుర్చీ అక్కకిచ్చేస్తాను!"

చిరుత బొమ్మలు ఎక్కడ తేను? జీడిపప్పు వేయించి, మచ్చల కోసం మిరియాలపొడి అద్దాను. అగ్గిపెట్టె చెట్టు మీద ఒకటి, గులకరాయి పక్కన ఒకటి, కరివేపాకు పొదలో ఒకటి.

బావకి భయం లేదు గానీ ఆరా ఎక్కువ.

"ఒరే, సిరత సెట్టు మీదికి ఎంత బరువు మోస్తాది?"

"దాని బరువంత మోస్తుంది బావా."

"అయితే ధాన్యం బస్తా?"

"బస్తా ఏమిటి, నిన్నే ఎత్తుకుపోతుంది!"

"మరి తోకెందుకురా అంత పొడుగు?" అంది అక్క.

"గెంతినప్పుడు తూలిపోకుండా!" చెయ్యి తోకలా ఊపుతూ, పళ్లు పటపటలాడిస్తూ చేసి చూపించాను.

ఇరవై ముఖాల డైస్ వేశాను. ఇరవైకి పంతొమ్మిది! చెట్టు మీది చిరుత అక్క మీదికి దూకేసింది! దాన్ని జరుపుదామని చూస్తే అగ్గిపెట్టె మీద ఏమీ లేదు. బావ నములుతున్నాడు.

"బావా!"

"మిరియాలేసి ముందరెట్టినావు. తినమనే కదేటి?"

"బోర్డు మీద లేనిది సచ్చినట్టే. నువ్వెట్టిన రూలే కదరా," అంది అక్క. అంటూనే రాయి పక్కనున్నదాన్ని తీసి నోట్లో వేసుకుంది. "ఇది నా దెబ్బ!"

"అయిపోలేదు! పొదలో ఇంకోటి కాసుకునుంది!" అని గర్జించాను.

ముగ్గురం వంగి చూశాం. బావ కరివేపాకు రెబ్బ ఎత్తి అటూ ఇటూ తిప్పాడు. ఏమీ లేదు. అనుమానం వద్దని ఇద్దరూ నోళ్లు తెరిచి చూపించారు. అప్పుడు తగిలింది, నా నాలుక మీద మిరియాల ఘాటు!

కుర్చీలోంచి లేచాను. అక్క దర్జాగా కూర్చుంది. బావ మాత్రం నన్ను వదల్లేదు.

"సిరత ఎలాగున్నాదిరా?"

"ఉప్పు తక్కువైంది బావా."