మైకు లేని పురాణం

ఈ సాయంత్రం మా కొండాపూర్ అపార్ట్‌మెంట్‌లో పురాణం మొదలైంది. రాత్రి డ్యూటీలు చేసి పొద్దుగూకేదాకా పడుకునే కంప్యూటర్ పిల్లలకు నిద్ర చెడుతోందని, అసోసియేషన్ వారు ఈసారి మైకు మానేసి తీగల్లేని హెడ్‌ఫోన్లు తెప్పించారు. వాటిని పంచి, లెక్క చూసి తిరిగి తీసుకునే పని నాది. బ్యాటరీలు మార్చి, చెవులకు తగిలే స్పాంజీలను స్పిరిట్‌తో తుడిచే పని వాచ్‌మన్ భార్య యాదమ్మది. మైకున్న రోజుల్లో ఆమె గేటు దగ్గర కూర్చుని పురాణమంతా వినేది.

అందరికీ ఇచ్చాక ఒక సెట్టు మిగిలింది. దాన్ని యాదమ్మకు ఇవ్వబోతే సెక్రటరీ గారు ఆపారు.

“ఆమె పెట్టుకున్నది మళ్ళీ ఎవరు పెట్టుకుంటారండీ, మామ్మగారూ?”

“ఇందాక అన్నిటినీ తుడిచింది ఆమే కదా, నాయనా.”

“తుడవడం వేరు, పెట్టుకోవడం వేరండి.”

నా సెట్టు తీసి యాదమ్మకు అందించబోయాను. ఆమె తీసుకోలేదు.

“వద్దమ్మా, మీరే ఇనుండ్రి. మైకుంటే గేటుకాడ కూసోని ఇంటుంటి. ఇగ నాకెందుకీ పరేషాన్,” అని వెళ్ళిపోయింది.

ఈ రోజు కథ, మడుగులో చిక్కిన ఏనుగు మొరను దేవుడు ఆలకించడం. నేను హెడ్‌ఫోన్ పెట్టుకోలేదు. పంతులుగారి పెదవులు కదులుతున్నాయి, చుట్టూ అందరూ కళ్ళు ఒత్తుకుంటున్నారు. సెక్రటరీ గారికి రుమాలు చాలలేదు. మిగిలిన సెట్టు ఖాళీ కుర్చీకి పురాణం చెబుతూనే ఉంది.

రేపటి నుంచి హెడ్‌ఫోన్లు పంచడానికి వేరొకరిని చూసుకోమని సెక్రటరీ గారితో అన్నాను. తప్పంటారా?