డాలర్ గుర్తు దగ్గర ఆగిపోయిన కళావతి గారు

2023. వానలు తగ్గుముఖం పట్టిన రోజులు. తమిళనాడులో ధర్మపురి పక్కన సోగత్తూరులో మా ఇంటి ముందుగదే నా ఆఫీసు. పగలు బెంగళూరు కంపెనీకి పని చేస్తూ, మిగిలిన వేళల్లో ఒక పైథాన్ లైబ్రరీని చూసుకునేవాణ్ణి. లైబ్రరీ అంటే ఇతరులు తమ ప్రోగ్రాముల్లో వాడుకునేలా ముందే రాసిపెట్టిన కోడ్. నాది ఓపెన్ సోర్స్. ఎవరైనా ఊరికే తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు. షెడ్లలో పెట్టే సెన్సర్ల నుంచి వేడిని, తేమను చదివి, హద్దు దాటితే ఫోనుకు కబురు పంపడం దాని పని.

కొత్త వెర్షన్ విడుదల చేసే ముందు పాత ఇష్యూలు, అంటే వాడేవాళ్లు రాసిన ఫిర్యాదులు, తిరగేయడం నా అలవాటు. అలా మూడు నెలల కిందట నేను మూసేసిన ఒకటి కంటపడింది. ‘ఇన్‌స్టాల్ కాలేదు. మొదటి లైనులోనే తప్పు వస్తోంది’ అని రెండే వాక్యాలు. కింద పేరు కళావతి, ఊరు ఎ. పళ్లిపట్టి. నా జవాబు అంతకన్నా చిన్నది: ‘రీడ్‌మీ చదవండి.’ రీడ్‌మీ లైబ్రరీతో పాటు ఉండే పత్రం. ఇన్‌స్టాల్ చేసే పద్ధతి అందులోనే ఉంటుంది. మా జిల్లా మనిషికే అలా జవాబిచ్చానా అని సిగ్గేసింది. దూరదేశం మనిషై ఉంటే ఆ సిగ్గు కలిగేది కాదేమో, అదీ ఒప్పుకోవాలి.

క్షమించమని రాసి, ఒకసారి వచ్చి చూడవచ్చా అని అడిగాను. ఆదివారం రమ్మన్నారు.

ఆమెకు యాభై దాటి ఉంటాయి. డేటా ఎంట్రీ పని మానేశాక భర్తతో కలిసి పట్టుపురుగులు పెంచుతున్నారు. పైథాన్ ఫోనులో వీడియోలు చూసి నేర్చుకున్నారట. ఇద్దరం తమిళంలోనే మాట్లాడుకుంటున్నాం. మధ్యలో ఆమె లోపలున్న భర్తను మజ్జిగ తెమ్మని తెలుగులో అడిగారు. నేనూ తెలుగులోకి మారాను. ఆ తరవాత నేను సార్ కాదు, తంబిని, అంటే తమ్ముణ్ణి.

నేను పక్కన లేననుకుని, రీడ్‌మీ చూస్తూ మళ్లీ మొదలుపెట్టమన్నాను. మొదటి ఆదేశం ముందు ఒక డాలర్ గుర్తు ఉంది. అది టైపు చేయాల్సింది కాదు. ఆదేశం ఇక్కడ మొదలవుతుందని చెప్పడానికి మా వృత్తిలో వాడే ఆనవాలు. ఆ సంగతి నేనెక్కడా రాయలేదు. ఆమె దాన్ని కూడా జాగ్రత్తగా కొట్టారు. అలాంటి ఆదేశం లేదంది కంప్యూటర్.

“ఇదే తంబీ. ఎన్నిసార్లు కొట్టినా ఇదే చెప్తాది.”

ఆ గుర్తు తీసేయమన్నాను. పని సాగింది, రెండు అడుగుల తరవాత మళ్లీ ఆగింది. వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ అని, ఒక్కో పనికి వేరుగా పెట్టుకునే పైథాన్ అర ఒకటి ఉంటుంది. దాన్ని తెరిచే ఆదేశం నేను లినక్స్‌కు మాత్రమే రాశాను. ఆమెది విండోస్.

మళ్లీ ఎందుకు రాయలేదని అడిగాను.

“ఏమని రాసేది? నువ్వు చదవమన్న్యావు. పదిసార్లు చదివినాను. అందురికీ అయ్యేది నాకే కాలేదంటే, నాకే బుద్ధి చాల్లేదనుకున్యాను.”

ఆ గొంతులో కోపం లేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

ఆమె భర్త మునుసామి గారు షెడ్డు చూపించారు. ఒకవైపు తట్టలు కడిగి బోర్లించి ఉన్నాయి. వానల్లో తేమ పెరిగి, సున్నపుకట్టు రోగం తగిలి, పురుగులు తెల్లగా బిగుసుకుపోయాయట. చివరిసారి చర్మం మార్చుకున్న పురుగులు; గూడు కట్టడానికి వారం కూడా లేదు. అన్నీ తీసి పూడ్చిపెట్టారు. ముందే కబురు అంది ఉంటే అవి బతికేవా అని అడగలేక అడిగాను.

“కిటికీలు తెరిచి, సున్నం చల్లింటే కొన్నైనా మిగిలేవేమో. చెప్పలేము తంబీ,” అన్నారాయన.

ఆ ‘చెప్పలేము’ ఆయన నా మీద చూపిన దయ అని నాకు తెలుసు.

సాయంత్రానికి లైబ్రరీ నడిచింది. సెన్సర్ దగ్గర తడిగుడ్డ పెట్టి చూశాం. ఫోను మోగింది. కళావతి గారు ఆ సందేశాన్ని రెండుసార్లు చదివి, భర్త చేతికిచ్చారు.

కొత్త వెర్షన్ పక్కన పెట్టి, వరసగా నాలుగు ఆదివారాలు రీడ్‌మీని తిరగరాశాను. డాలర్ గుర్తులు తీసేశాను. విండోస్‌కు, లినక్స్‌కు వేరువేరుగా రాశాను. ప్రతి ఆదేశం కింద తెర మీద ఏం కనిపించాలో చేర్చాను. ‘సులభంగా’ అన్న మాట నాలుగుచోట్ల ఉంది, నాలుగూ కొట్టేశాను. ప్రతి చిత్తుప్రతినీ ముందు కళావతి గారే పరీక్షించారు. ఇంగ్లీషు రానివాళ్ల కోసం ఇంకో ప్రతి తనే తయారు చేశారు; ఆమెకు తెలుగు లిపి రాదు, అందుకని తమిళంలో. దాని పైన, నన్ను అడగకుండానే, ఒక మాట చేర్చారు: ‘తప్పు వస్తే మీకు తెలివి లేదని కాదు. తెర మీద వచ్చింది వచ్చినట్టు మాకు పంపండి.’ అందులో ఒక్క అక్షరం మార్చలేదు. ఇంగ్లీషు ప్రతిలోకి కూడా దాన్నే తీసుకున్నాను.

కోడ్‌లో తప్పుంటే ప్రోగ్రాం ఆగిపోయి చెబుతుంది. సూచనల్లో తప్పుంటే, చదివిన మనిషి తనను తాను తక్కువ చేసుకుని వెళ్లిపోతాడు. రాసినవాడికి తెలియను కూడా తెలియదు. ఆ సంగతి అర్థమయ్యాక, ‘రీడ్‌మీ చదవండి’ అని నేను మూసేసిన ఇష్యూలన్నీ వెతికి తెరిచాను. ఒక్కొక్కరికీ క్షమాపణ రాసి, ఎక్కడ ఆగిపోయారని అడిగాను. కొందరు జవాబిచ్చారు. ఎక్కువమంది ఇవ్వలేదు. వాళ్లు ఏం పోగొట్టుకున్నారో నాకు ఎప్పటికీ తెలియదు.