పక్కింటి ఆంటీ, మా ఉంగరాల జుట్టు

మా పక్కింటి ఆంటీ పోయారని వాళ్ళమ్మాయి ఫోన్ చేసినప్పుడు నేను డ్యూటీ దిగి హాస్పిటల్ కార్ పార్కులో ఉన్నాను. "అక్కా, అమ్మ వెళ్ళిపోయింది. ఇంట్లోనే, నిద్రలోనే" అంది. కాస్త ఆగి, "నువ్వు డ్రైవింగ్‌లో లేవు కదా?" అని అడిగింది. లేనన్నాను. ఫోన్ పెట్టేశాక చాలాసేపు స్టీరింగ్ పట్టుకుని అలాగే కూర్చున్నాను. నర్సుగా చావులు చాలా చూశాను. ఈ కబురు వస్తుందని వారం రోజులుగా తెలుసు. అయినా కారు తాళం తిప్పబుద్ధి కాలేదు.

ఆస్ట్రేలియాలో కొండ మీదుండే ఈ టూవూంబా ఊళ్ళో ఆరేళ్ళు మా ఇళ్ళ మధ్య ఒక రేకు కంచె మాత్రమే అడ్డం. ఆ ఆరేళ్ళూ ఆవిణ్ణి ఆంటీ అనే పిలిచాను, ఇక్కడా అలాగే రాస్తాను. తెనాలిలో ఇరవై ఏళ్ళు బ్యూటీ పార్లర్ నడిపి, భర్త పోయాక కూతురి దగ్గరికి వచ్చేశారు. నన్ను మొదటిసారి చూసిన రోజు నేను తలకు స్కార్ఫ్ కట్టుకుని పెరట్లో బట్టలారేస్తున్నాను.

"ఏమ్మా, తలకేమైంది?"

"తలనొప్పి ఆంటీ."

"తలనొప్పికి నుదుటి మీద కట్టుకుంటారు గానీ, మెడ దాకా దించి కట్టుకోరు. తియ్యి, చూస్తాను."

ఎందుకు తీశానో తెలియదు. అప్పటిదాకా మా ఆయనకి కూడా చూపించలేదు.

నాది పుట్టుకతో ఉంగరాల జుట్టు. మా కడపలో దాన్ని పిచ్చిక గూడు అనేవారు. మా అమ్మ రోజూ కొబ్బరినూనె పట్టించి, కళ్ళు పైకి లాగేసేంత బిగించి జడ వేసేది. నర్సింగ్ చదివేటప్పుడు మొదటిసారి స్ట్రెయిటెనింగ్ చేయించుకున్నాను. అద్దంలో నన్ను నేనే గుర్తుపట్టలేదు, అదే నచ్చింది. ఆ తరువాత పదిహేనేళ్ళు, కుదుళ్ళలో కొత్త ఉంగరాలు కనబడగానే మళ్ళీ క్రీమ్. ఆఖరిసారి ఇంట్లో నేనే పెట్టుకుని, మా పిల్లాడు ఏడుస్తుంటే వెళ్ళి ఆలస్యంగా కడిగాను. నడినెత్తి కాలిపోయింది. చుట్టూ ఉన్న జుట్టు దువ్వెనతో పాటే వచ్చేసింది.

ఆంటీ కంచె దగ్గరే నా తల వంచి, వేళ్ళతో పాయలు తీసి చూశారు. ఏ క్రీమ్, ఎంతసేపు ఉంచావు అని రెండే ప్రశ్నలు అడిగారు. "ఇక ఆ డబ్బా ముట్టుకోకు. ఆదివారం పొద్దున్న రా" అన్నారు.

ఆ ఆదివారం వాళ్ళ వెనక వరండాలో ప్లాస్టిక్ కుర్చీ వేసి కూర్చోబెట్టారు. మందు పడిన జుట్టు మళ్ళీ ఉంగరాలు తిరగదని, కొత్తగా పెరిగేదే నాదని, రెండూ కలిసే చోట పటుక్కున తెగిపోతూనే ఉంటుందని చెప్పారు. "మెల్లగా కొంచెం కొంచెం కత్తిరించుకుంటూ పోతావా, ఒక్కసారే తీసేద్దామా?" ఒక్కసారే అన్నాను. వేలెడంత మిగిలింది. మా అమ్మ వీడియో కాల్‌లో చూసి, "పసుపు కుంకాలతో ఉండేదానివి, ఏందే ఆ తల?" అని ఏడ్చింది. మా ఆయన కళ్ళు రెండు నెలలు నా తల మీద నిలవలేదు.

ఇక ప్రతి ఆదివారం వాళ్ళ లాండ్రీ గదిలోని స్టీలు తొట్టి ముందు నేనూ, ఆంటీ మనవరాలూ వంతులవారీగా తల వంచేవాళ్ళం. ఆ పిల్లది అచ్చం ఆంటీ జుట్టే, స్ప్రింగుల్లాంటి సన్న ఉంగరాలు. షాంపూ మాడుకే, జుట్టుకు కాదు. కండిషనర్ ఉండగానే, తడి మీదే, పెద్ద పళ్ళ దువ్వెనతో కొసల నుంచి పైకి చిక్కు తీయాలి. తువ్వాలుతో రుద్దకూడదు, పాత కాటన్ టీషర్టులో చుట్టి నీళ్ళు పిండాలి. అవిసె గింజలు నీళ్ళలో ఉడకబెట్టి, వేడి మీదే వడకట్టి, ఆ జిగురు తడి జుట్టుకు పట్టించి, ఆరేదాకా చెయ్యి పెట్టకూడదు. "పొడి జుట్టు మీద దువ్వెన పెట్టినవాళ్ళు నాతో మాట్లాడొద్దు" అనేవారు. మా ఇద్దరికీ ఒకే హెచ్చరిక. చలికాలంలో కొండ మీది పొడిగాలికి జుట్టు గడ్డిలా అయిపోతే, "దానికి కోపం కాదమ్మా, దాహం" అనేవారు. ఆమె వేళ్ళ చివర చర్మం నున్నగా, గీతలు చెరిగిపోయి ఉండేది. మొదటి పదేళ్ళు గ్లవ్స్ లేకుండానే ఆ క్రీములు రాశానని ఓసారి చెప్పారు.

ఏడాదికి నా జుట్టు చెవులు దాటింది. నడినెత్తిన రూపాయి బిళ్ళంత మేర మాత్రం ఏమీ మొలవలేదు. రోజూ అద్దం వెనక ఇంకో అద్దం పెట్టి చూసుకునేదాన్ని. ఒకరోజు ఆంటీ అక్కడ వేలు పెట్టి, "ఇక్కడ రాదమ్మా. ఇది మచ్చ. ఇంక చూసుకోవడం మానెయ్యి" అన్నారు. నాకు కోపం వచ్చింది. మీకెలా తెలుసన్నాను.

అప్పుడు చెప్పారు. పార్లర్ పెట్టిన కొత్తలో ఒక పెళ్ళికూతుర్ని తల్లి తీసుకొచ్చింది, మర్నాడే పెళ్ళి. ఇలాంటి జుట్టుతో పీటల మీద కూర్చోబెట్టలేమంది. ఆ పిల్ల మంటగా ఉందంటే, "కాసేపు ఓర్చుకోమ్మా" అని ఆంటీయే చెప్పారు. కడిగితే జుట్టు కుచ్చులుగా చేతిలోకి వచ్చేసింది, కాలిన చోట మళ్ళీ మొలవనే లేదట. సవరం పెట్టి, పైన పూలజడ కుట్టి పంపించారు. "ఫొటోల్లో ఏమీ తెలియలేదు" అన్నారు ఆంటీ. "ఆ మర్నాడే మానేశాననుకుంటావేమో. మానలేదు. ఇంకా పదిహేనేళ్ళు చేశాను, నా తలక్కూడా చేసుకున్నాను. ఈ మనవరాలు పుట్టాక, దాని తల మీద నా జుట్టు చూశాక మానేశాను." ఆమె నా నుంచి ఓదార్పు ఆశించలేదు.

రెండేళ్ళ క్రితం ఆంటీకి గర్భసంచిలో క్యాన్సర్ బయటపడింది. డాక్టర్ దగ్గరికి నేనూ వెళ్ళాను. "ఇన్నేళ్ళు ఆ క్రీముల్లోనే బతికాను, దానివల్లేనా అని అడుగు" అన్నారు. అడిగాను. ఒక్క మనిషి విషయంలో అలా చెప్పలేమని డాక్టర్ మెల్లగా అన్నాడు. తెలుగులో చెప్పాను. ఆంటీ తలూపి, "మరి కాదని కూడా చెప్పలేదుగా" అన్నారు. మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

కీమో మొదలైన మూడో వారానికి ఆమె తల ఖాళీ అయింది. తలగడ మీద రాలిన ఉంగరాలను ఆమే ఏరి, కాగితంలో పొట్లం కట్టి బిన్‌లో వేశారు. ఆదివారాలు ఆగిపోయాయి. అప్పటికి మనవరాలు హైస్కూల్లో ఉంది. బస్సులో వెనక సీటు పిల్లలు దానికి తెలియకుండా జుట్టులో పెన్సిళ్ళు గుచ్చి, ఎన్ని నిలబడతాయో లెక్కపెట్టేవారట. ఆంటీ హాస్పిటల్లో ఉన్న వారంలో వాళ్ళమ్మ దాన్ని సెలూన్‌కి తీసుకెళ్ళి స్ట్రెయిటెనింగ్ చేయించింది. తప్పని నేననలేను. రోజూ ఏడుస్తూ ఇంటికొచ్చే పిల్లను చూస్తూ ఏ తల్లి ఊరుకుంటుంది?

ఆంటీ ఇంటికొచ్చిన రోజు నేనక్కడే ఉన్నాను. పిల్ల హాల్లో నిలబడింది. జుట్టు నడుం దాకా, గీత గీసినట్టు.

"డూ యూ లైక్ ఇట్, అమ్మమ్మా?"

ఆంటీ ఒక కొస పట్టుకుని చూశారు. "బాగుందమ్మా" అన్నారు. పిల్ల నవ్వి లోపలికెళ్ళింది. ఆంటీ నా చెయ్యి పట్టుకుని, "మంట పుట్టిందేమో అడగమ్మా దాన్ని. నేనడిగితే చెప్పదు" అన్నారు. అడిగాను. "ఎ బిట్. ఇట్స్ ఫైన్" అంది.

ఇక లాభం లేదని మందులు ఆపేశాక ఆంటీ తల మీద జుట్టు మళ్ళీ మొలిచింది. తెల్లగా, గింజంత గింజంత ఉంగరాలు. ఆ ఆఖరి రెండు మూడు నెలలూ ఆమె తల కప్పుకోలేదు. ఒక మధ్యాహ్నం వెచ్చటి నీళ్ళలో గుడ్డ ముంచి తల తుడుస్తుంటే, కళ్ళు మూసుకునే అన్నారు: "ఇదేనమ్మా నా జుట్టు. అరవై ఏళ్ళకి మళ్ళీ మొలిచింది. దీంతోనే పంపించండి నన్ను."

వాళ్ళమ్మాయికి చెప్పాలనుకున్నాను. ఆక్సిజన్, మార్ఫిన్, వచ్చే పోయే బంధువుల ఫోన్లు. ఆ ఇంట్లో జుట్టు గురించి మాట్లాడే సందర్భం ఏ రోజూ కనబడలేదు. రేపు చెబుదాం అనుకుంటూనే ఉన్నాను. చెప్పలేదు.

ఆఖరి ముస్తాబు చేసే ఫ్యూనరల్ హోమ్ వాళ్ళు పోలిక కోసం ఫొటో అడిగితే, ఆ అమ్మాయి పార్లర్ రోజుల నాటి ఫొటో ఇచ్చిందట. జబ్బు మనిషిలా కనిపించకూడదని విగ్గు కూడా తనే కొనిచ్చిందట. ఆఖరిచూపుకని వెళ్ళేసరికి, పెట్టెలో ఆంటీ పట్టుచీరలో, భుజాల దాకా జారే నల్లటి, తిన్నని జుట్టుతో ఉన్నారు. వచ్చినవాళ్ళు "ఎంత కళగా ఉన్నారో" అన్నారు. అమ్మాయి నా పక్కకొచ్చి, "బాగుంది కదక్కా?" అంది. వారం రోజులుగా నిద్రలేని కళ్ళు. వాటిలోకి చూసి నిజం చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

"బాగుంది" అన్నాను.

మనవరాలు చివర వచ్చింది. "దట్స్ నాట్ హర్ హెయిర్" అంది, ఎవరితోనూ కాదు. అది పెట్టె మీదికి వంగి, నోట్లో వేలు తడి చేసుకుని, విగ్గులోంచి సన్నటి పాయ తీసి వేలికి చుట్టింది. ఊపిరి బిగబట్టి కాసేపు అలాగే ఉంచి వదిలింది. పాయ తిన్నగా జారిపోయింది. మళ్ళీ చుట్టింది. మళ్ళీ జారింది. వాళ్ళమ్మ వచ్చి భుజం మీద చెయ్యి వేసేదాకా, వెనక నిలబడ్డ వరుస కదలకుండా ఎదురుచూస్తుండగా, అది చుడుతూనే ఉంది.