నీళ్లు కదలని ఆట

సునామీ వచ్చిన ఏడాదిన్నరకు మా ఇంట్లో ఒక గ్రాఫిక్స్ కార్డు గురించి తగువు వచ్చింది. తగువంటే ఎవరూ గొంతు పెంచలేదు. అమ్మ చెప్పమంటే నేనొక అబద్ధం చెప్పాను, చెల్లి నమ్మినట్టే ఉంది. రెండు నెలలు అలా గడిచాయి.

మాది పోర్ట్ బ్లెయిర్‌లో షాదీపూర్. నాన్న చిన్న కాంట్రాక్టరు. అప్పట్లో దూరంగా ఉత్తరాన డిగ్లీపూర్‌లో షెడ్ల పని మీద ఉండి నెలకోసారి వచ్చేవారు. నాకు ఇరవై మూడేళ్లు, మా పెయింట్ల దుకాణం చూసుకునేవాణ్ణి. చెల్లికి పదహారు.

సునామీ ఏడాది క్రిస్మస్‌కి చెల్లి పిన్ని దగ్గరికి వెళ్లింది. అమ్మకు ఒక్కగానొక్క చెల్లెలు పిన్ని. దక్షిణాన ఒక దీవిలో నర్సుగా చేసేది. క్వార్టర్లు సముద్రానికి ఎదురుగా ఉండేవి. పండగ మర్నాడు పొద్దున నీళ్లు వచ్చాయి. ఆరో రోజున చెల్లి ఒక్కతే ఓడ దిగింది, ఎవరిదో పెద్ద చొక్కా తొడుక్కుని. పిన్ని దొరకలేదు. ఏం జరిగిందో చెల్లి చెప్పలేదు. దానంతట అది చెప్పేదాకా కదపొద్దన్నారు చర్చిలో పెద్దలు. మేమూ అదే మంచిదనుకున్నాం.

ఇంట్లో ఒక పాత కంప్యూటరు ఉండేది. చెల్లి దాని ముందు కూర్చుని కారు నడిపే ఆట ఆడేది. ఆటలో ఒక దీవి, దాని మీద ఊరు, ఊరి చుట్టూ తీరం వెంట రోడ్డు. తెర మీద బొమ్మలు నడిపే గ్రాఫిక్స్ కార్డు మాది పాతది కాబట్టి అందులో సముద్రం కదిలేది కాదు. రిలీఫ్ క్యాంపుల మీద కప్పిన నీలం టార్పాలిన్‌లా పరుచుకుని ఉండేది. మొదటి నెలల్లో చెల్లి కారును ఊరి సందుల్లోనే తిప్పేది. తరవాత ఒక రోజు తీరం రోడ్డెక్కింది. నేను వెనక నిలబడి చూసి వచ్చేశాను. వెళ్లి అమ్మకు చెబితే అమ్మ కళ్లు తుడుచుకుంది.

తరవాత ఆ ఆటకే కొత్త వెర్షన్ వచ్చింది. క్లాసులో ఎవరో సీడీ ఇచ్చారు. మా కంప్యూటరులో అది తెరుచుకోలేదు.

"కార్డు మార్చాలంట అన్నయ్యా. భయ్యాని అడుగుతావా?" అంది చెల్లి.

భయ్యా అంటే బజారులో కంప్యూటర్లు బాగుచేసే ఆయన. మా తెలుగువాడే, కాకినాడ వైపు, కానీ నోట్లోంచి సగం హిందీయే వచ్చేది. నేను ఆట పేరు చెప్పగానే తన మెషీన్ మీద పెట్టి చూపించాడు.

"దేఖో, నీళ్లు ఎలాగున్నాయో. ఎండ పడితే మెరుస్తాది కూడా. పాత కార్డుతో ఇదంతా హోగా నహీ."

తెర మీద కెరటం లేచింది, నురగ కట్టింది, ఒడ్డు మీదికి పాకి వచ్చింది. సునామీ రోజు నేను షాదీపూర్‌లోనే ఉన్నాను. భూమి ఊగడం తప్ప నీళ్లు కళ్లారా చూడలేదు. అయినా తెర మీంచి చూపు తిప్పుకున్నాను. ఆలోచించి చెబుతానని వచ్చేశాను.

అమ్మ బియ్యం ఏరుతోంది. విషయం చెప్పాను. చాట పక్కన పెట్టింది.

"వద్దురా. ఇప్పుడిప్పుడే కుదుట పడతంది పిల్ల. మన దానికి పట్టదని చెప్పేయ్."

అలాగే చెప్పాను. మన కంప్యూటరు లోపలి బోర్డు పాతది, కొత్త కార్డు అందులో పట్టదు అన్నాను. చెల్లి "సరే" అంది. కానీ చెన్నై నుంచి ఓడ వచ్చిందని తెలిసినప్పుడల్లా అడిగేది, మనకు పట్టేది ఏమైనా వచ్చిందేమో కనుక్కోమని. కనుక్కున్నాను, రాలేదు అనేవాణ్ణి. అలా అన్న ప్రతిసారీ చెల్లి నా మొహం వైపు ఒక్క క్షణం ఎక్కువ చూసేది. చివరికి భయం పట్టుకుని, చెల్లి వస్తే అదే మాట చెప్పమని భయ్యాని బతిమాలాను.

"ఝూఠ్ నేను చెప్పను భాయ్. అడక్కపోతే చెప్పను, అంతే."

ఒక శనివారం మధ్యాహ్నం అమ్మ దుకాణానికి ఫోన్ చేసింది. ట్యూషన్ అయిపోయి గంట దాటింది, చెల్లి ఇల్లు చేరలేదు. ఆరు రోజులు ఏ కబురూ లేకుండా ఎదురుచూసిన మనిషికి ఒక గంట అంటే ఎంతో నాకు తెలుసు. షట్టరు దించి పరిగెత్తాను. ట్యూషన్ దగ్గర లేదు. చర్చిలో లేదు. జెట్టీ వైపు వెళ్లిందేమోనన్న ఆలోచన వచ్చింది. తను అటు అడుగు పెట్టి ఏడాదిన్నర అయింది. ఆ ఆలోచనను తోసేసి భయ్యా దుకాణానికి వెళ్లాను.

చెల్లి అక్కడే ఉంది. నా వైపు వీపు పెట్టి స్టూలు మీద కూర్చుంది, ట్యూషన్ సంచీ ఒళ్లో. తెర మీద కారు ఇసుకలో ఆగి ఉంది, కెరటాలు వచ్చి పోతున్నాయి. భయ్యా చేతిలో స్క్రూడ్రైవర్ పట్టుకుని పక్కన నిలబడిపోయాడు. నన్ను చూసి, మాట్లాడొద్దన్నట్టు తల ఊపాడు.

ఎడమ చేత్తో బల్ల అంచు గట్టిగా పట్టుకుంది చెల్లి. కుడిచేతి వేలితో మీట నొక్కింది. కారు మెల్లగా నీళ్లలోకి దిగింది. చక్రాలు మునిగాయి. వెనక్కి తీసింది. మళ్లీ దింపింది.

"మన బోర్డుకి పడతాదంట అన్నయ్యా," అంది, వెనక్కి తిరగకుండానే. "నేనే అడిగేను."

"నీకు భయమేస్తుందేమోనని" అన్నాను.

"దీనికా?" చెల్లి తెర వైపే చూస్తోంది. "ఇలాగ రాలేదు. తెల్లగా లేదు. కెరటమే లేదు. నల్లగా, బురదతోటి, నడుచుకుంటా వచ్చినట్టు వచ్చింది. ఇది వెనక్కి పోతంది కదా. అది ఆగలేదు."

భయ్యా స్క్రూడ్రైవర్ కౌంటరు మీద పెట్టి, మెల్లగా బయటికి వెళ్లి నిలబడ్డాడు.

"ఒక్కసారన్నా నన్ను అడగలేదు మీరు," అంది చెల్లి. కార్డు గురించి అనడం లేదని నాకు తెలిసింది.

ఇంటికి నడిచి వచ్చాం. అమ్మ గేటు దగ్గరే నిలబడి ఉంది. చెల్లి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది, తిట్టలేదు. ఆ తరవాత రెండు రోజులు అమ్మ నన్ను కార్డు మాట ఎత్తనివ్వలేదు. మూడో రోజు నాన్న డిగ్లీపూర్ నుంచి ఫోన్ చేస్తే జరిగింది చెప్పాను.

"దాన్నే అడగండి. మీరు మీరు అనుకుంటారేటి," అన్నారు నాన్న.

అడిగాం. "తెండి. చూడలేకపోతే నీళ్లు కదలకుండా తగ్గించుకోవచ్చు, సెట్టింగుల్లో ఉంది," అంది చెల్లి.

ఆదివారం ఆరాధన అయ్యాక భయ్యా కార్డు తీసుకుని ఇంటికొచ్చాడు. పాతది తీసి కొత్తది పెట్టి స్విచ్ వేస్తే తెర వెలగలేదు. లోపలి నుంచి బీప్ శబ్దాలు వచ్చాయి. అమ్మ గుమ్మంలో కొంగు పట్టుకుని నిలబడింది. ఇదే మంచిదైందనుకుందో ఏమో, "పోనీ వదిలేయండి బాబూ" అంది. భయ్యా వినలేదు. కార్డు తీసి, తుడిచి, మళ్లీ పెట్టి బొటనవేళ్లతో నొక్కాడు. ఈసారి తెర వెలిగింది.

చెల్లి ఆట పెట్టి నేరుగా ఒడ్డుకు పోనిచ్చింది. అంతవరకూ ఆ ఆట వైపు ఎన్నడూ చూడని అమ్మ, ప్లాస్టిక్ స్టూలు లాక్కుని పక్కన కూర్చుంది. చాలాసేపు ఆ కెరటాలనే చూసింది.

"పిన్ని ఏమందే, ఆఖర్న?" అంది అమ్మ.

చెల్లి కారు ఆపింది.

"చెప్పులొదిలేయమంది. నేను చెప్పుల కోసం వంగేను. వీపు మీద కొట్టింది. గుట్ట వైపు తోసింది. ఎక్కి చూస్తే లేదు."

"కొట్టిందా?"

"గట్టిగా."

అమ్మ తల ఊపింది. "చిన్నప్పుడూ అంతే. దాని చెయ్యి చాలా విసురు," అంది. ఆ మాట అంటూనే ఏడ్చింది. చెల్లి అమ్మ మోకాలి మీద చెయ్యి వేసి ఉంచింది. భయ్యా స్క్రూలు ఏరుకుని, టీ కోసం కూడా ఆగకుండా వెళ్లిపోయాడు.

అమ్మ ఇంకొకటి అడిగింది. తరవాత ఇంకొకటి. ఆ రోజు మేం అన్నానికి కూర్చునేసరికి నాలుగు దాటింది.

ఆ తరవాత చెల్లి కొన్ని రోజులు నీళ్లు తగ్గించుకుని ఆడేది, కొన్ని రోజులు పెంచుకుని ఆడేది. ఎందుకని నేను అడిగేవాణ్ణి. చెప్పాలనిపించిన రోజు చెప్పేది.