కుంకుమని సుర్మా అని రాశాను

అయిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోస్తున్నాను అనడం కూడా ఎక్కువే. మోసేవాడు చిక్కిపోవాలి కదా. నేను లావయ్యాను. హోదా పెరిగింది, అనంతపురంలో ఇల్లు కట్టాను. అసలు మోసింది వేరే మనిషి. అయినా ఆ అబద్ధం నా గొంతులో పడ్డ వెలక్కాయలా అలాగే ఉండిపోయింది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ల ముందు నోరు తెరిచే ధైర్యమే ఉంటే ఈ కాగితాలతో పనేముంది?

మాది ఫోన్లలో, కంప్యూటర్లలో వాడే చిప్పుల ఫ్యాక్టరీ. ఊరికి దూరంగా, వేరుశనగ కూడా ఒక్కో ఏడు మొలకెత్తక మాడిపోయే ఎర్రనేలలో కట్టారు. సన్నటి సిలికాన్ పలకలు విదేశం నుంచి వస్తాయి. మేం వాటిని గోరంత ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కకీ వెంట్రుక కంటే సన్నని బంగారు తీగలు అతికించి, నల్లటి తొడుగు వేసి, పరీక్షించి అమ్ముతాం. మొదట్లో బాగానే నడిచింది. తర్వాత బయటి సరుకు మా ఖర్చు కంటే తక్కువ ధరకి దిగింది. ఆర్డర్లు ఒక్కొక్కటే పోయాయి. మూడు లైన్లలో రెండు ఆపేశాం. దేశంలోనే తయారుచేసే వాళ్లకి ప్రభుత్వం సాయం చేస్తుందంటే, మా ఎండీ ఢిల్లీకి చెప్పులరిగేలా తిరిగాడు. చివరికి ఒక కమిటీ, వచ్చి చూస్తామంది. వాళ్లు వచ్చేసరికి ఒక నమూనా లాటు, అంటే ఒక విడత సరుకు, మా చేతుల్తో తయారై అన్ని పరీక్షలూ నెగ్గాలి. నెగ్గితే సాయం, లేదంటే గేటుకి తాళం. మూడొందల మంది ఇంటికి పోతారు. అందులో ఎక్కువమంది చుట్టుపక్కల పల్లెల ఆడపిల్లలు.

నేను క్వాలిటీ మేనేజర్ని. తప్పు ఎక్కడ జరిగిందో, ఎవరు చేశారో తేల్చే ఉద్యోగం. ఇది గుర్తుంచుకోండి.

తీగలు అతికించే గదిని క్లీన్‌రూం అంటాం. అందులోకి దుమ్ము పోకూడదు. తల నుంచి కాలి దాకా తెల్ల ముసుగు వేసుకుని పోవాలి. పౌడరు, పూలు, గాజులు, పసుపు, కాటుక, ఏవీ ఉండకూడదు. ఆడపిల్లలు బొట్టుబిళ్లలు తీసి బట్టలు మార్చుకునే గదిలో అద్దం అంచుకి అతికించేవాళ్లు, సాయంత్రం ఎవరిది వాళ్లు తీసుకునేవాళ్లు. ఆ నియమాలన్నీ రాసింది నేనే. గోడకి అంటించింది నేనే.

దిల్షాద్ ఆ గదిలో అందరికంటే పాత ఆపరేటరు. ఇరవై ఏడేళ్లుంటాయి. మొగుడు వదిలేసి పోయాడు. చూపు సరిగా లేని తల్లి, ఒక చెల్లెలు. ఆ చెల్లెలు కూడా మా దగ్గరే ప్యాకింగులో చేసేది. తెగిన తీగని దిల్షాద్ అతికించినట్టు ఇంజనీర్లు కూడా అతికించలేకపోయేవాళ్లు. శుక్రవారాలు సుర్మా పెట్టుకునేది, అదే, కంట్లో పెట్టుకునే నల్లపొడి. డ్యూటీకి వచ్చాక కొళాయి దగ్గర కళ్లు కడుక్కుని, తెల్లగుడ్డతో తుడుచుకుని, ఆ గుడ్డ నాకు చూపించేది. మరక లేదంటేనే లోపలికి పోయేది. ఎవరూ అడగలేదు. ఆమె పద్ధతి అది.

మా నాయన బోరులారీ మీద పనిచేశాడు. శింగనమల వైపు ఎన్ని ఎండిన బోర్లు వేశాడో లెక్కలేదు. ప్రతి బోరుకీ ముందు యంత్రానికి విభూతి పూసి, కుంకుమబొట్టు పెట్టి, నిమ్మకాయ తొక్కించేవాడు. నీళ్లు పడకపోతే ఆ రోజు బొట్టు సరిగా పెట్టలేదనేవాడు. మా వైపు ట్రాక్టరుకి బొట్టు పెడతాం, కుట్టుమిషనుకి పెడతాం, ఆటోకి పెడతాం. నేను ఇంజనీరింగు చదివాను. దుమ్ము రేణువుల గురించి గంటసేపు మాట్లాడగలను. అయినా నమూనా లాటు మొదలయ్యే శుక్రవారం తెల్లవారగానే, డ్యూటీకి జనం రాకముందే, ఒక పళ్లెంలో కుంకుమ, విభూతి, కర్పూరం, నిమ్మకాయ పెట్టుకుని క్లీన్‌రూంలోకి పోయాను. ముసుగు వేసుకున్నాను. అది నవ్వొచ్చే సంగతి. ముసుగు వేసుకుని కుంకుమ పట్టుకుపోయాను.

భయమేసింది, అంతే. పదిహేను రోజులుగా ఆ యంత్రాలు మొరాయిస్తున్నాయి. అంతమంది బతుకులు నా సంతకం మీద ఉన్నాయనిపించింది. యంత్రాలకి బొట్టు పెట్టాను, కర్పూరం ఒక్క క్షణం వెలిగించి ఆర్పాను, అంతా తడిగుడ్డతో తుడిచాను. నాకు తెలియదా? పైనుంచి గాలి కిందికి కొడుతూనే ఉంటుందని, కుంకుమ ఎంత సన్నగా లేస్తుందో నాకు తెలియదా? తెలుసు. తెలిసినవాడే చేశాడు. దాన్ని భక్తి అంటారో పిరికితనం అంటారో ఇప్పటికీ నాకు అర్థం కాలేదు.

మధ్యాహ్నానికి తీగలు అతుక్కోవడం మానేశాయి. అతుక్కున్నవి కొంచెం లాగితే ఊడొచ్చాయి. లాటంతా పోయింది. నేనే సూక్ష్మదర్శినిలో చూశాను. తీగ అతకాల్సిన చోట ఎర్రటి రేణువులు. ఎరుపు ఏమిటో నాకు ఒక్క చూపులో తెలిసిపోయింది. ఫోటో తీశాను. ఎండీ ఫోను చేసి, కమిటీ సోమవారం వస్తోంది, సాయంత్రానికి కారణం కావాలి, కారణంలో ఒక మనిషి కూడా ఉండాలి, యంత్రం చెడిందంటే మనకి సాయం ఇవ్వరు, మనిషి తప్పంటే సరిదిద్దామని చెప్పుకోవచ్చు అన్నాడు.

మనిషి ఎవరో నాకు తెలుసు. ఫోను పట్టుకుని ఉన్నాడు. కానీ నేనేం చేశానంటే, ఆ ఫోటోని నలుపు తెలుపులో ప్రింటు తీశాను. ఎరుపు నలుపైంది. రంగులది చెరిపేశాను. ఆ పని చేసేటప్పుడే నా బుర్రలో ఆమె పేరు ఉంది. కంగారులో తోచింది అని మీకు చెప్పాలనుంది. కాదు. ఆ రోజు శుక్రవారం, సుర్మా నల్లగా ఉంటుంది, అందులో సీసం ఉంటుంది, సీసం తీగకి పడదు, అన్నిటికంటే ముఖ్యం, ఆమె పేరు చెబితే ఎవరూ రెండో ప్రశ్న వేయరు. ఇవన్నీ వరసగా, చల్లగా ఆలోచించాను. లక్ష్మి అనో సుజాత అనో చెబితే ఇద్దరు ముగ్గురైనా అడ్డం మాట్లాడతారు. దిల్షాద్ కోసం ఎవరూ మాట్లాడరని లెక్కేసుకున్నాను. లెక్క తప్పలేదు.

నా గదికి పిలిపించాను. రిపోర్టు టైపు చేసి బల్ల మీద పెట్టాను. ఆమె నిలబడే ఉంది. కూర్చోమనలేదు.

"ఏం సార్, రమ్మన్నారంట?"

"ఈ పొద్దు సుర్మా పెట్టుకోని లోపలికి పోయినావు. లాటంతా పోయింది. ఈడ సంతకం పెట్టు" అన్నాను.

"కడుక్కున్యాను సార్. గుడ్డ మీకు చూపిచ్చినా గదా. మీరే తల ఊపినారు, పో అని."

"సరిగా పోలేదు. ఫోటోలో కనపడతాండాది."

ఆమె ఫోటో తీసుకుని చాలాసేపు చూసింది. తిరిగి బల్ల మీద పెట్టింది. గొంతు పెంచలేదు.

"సార్, పొద్దున్నే పళ్లెం పట్టుకోని లోపల ఉండింది మీరే గదా. నేను తొందరగా వచ్చినా. బయట అద్దాల కిటికీలోంచి చూసినా. ఆయన భక్తి ఆయనది, నాకేమప్పా అనుకోని ఎవురికీ చెప్పలేదు."

మీరైతే ఏం చేసేవాళ్లు? ఆమె నన్ను బెదిరించలేదు. నా గుట్టు దాచానని చెబుతోంది. ఆ మాటతోనైనా నేను ఆగాల్సింది. ఆగలేదు.

"పో, చెప్పు" అన్నాను. "ఇప్పుడే బయటికి పోయి అందరికీ చెప్పు. దేవునికి పెట్టిన కుంకుమతో మిషన్ చెడిపోయిందని నువ్వు చెప్తే, నిన్ను ఏమంటారో తెలుసు గదా? నీ ఒక్కదాన్నే అనరు. మీ ఇంటి మీదికి వస్తారు."

అన్నాను. ఈ నోటితోనే అన్నాను. ఆమె ముఖంలో కోపం వస్తుందనుకున్నాను, రాలేదు. ఎప్పుడో ఒకరోజు ఎవరో ఒకరు ఈ మాట అంటారని ముందే తెలిసినట్టు ఉంది ఆ ముఖం.

"తెలుసు సార్" అంది. "మా చెల్లెలి పని?" అని అడిగింది.

"దానికేం కాదు. గొడవ సల్లారినాక, మూడు నెల్లకి నిన్ను కూడా పిలిపిస్తా."

"మీరు పిలవర్లే సార్" అని, పెన్ను తీసుకుని సంతకం పెట్టింది.

కమిటీ వచ్చింది. నేనే నిలబడి చెప్పాను. నలుపు తెలుపు ఫోటో తెర మీద పెట్టాను. మనిషి తప్పు, గుర్తించిన తీరు, తొలగింపు, కొత్త కట్టుదిట్టాలు, అన్నీ చెప్పాను. వాళ్లలో ఒక పెద్దాయన, తప్పు దాచకుండా ఇంత నిజాయితీగా చెప్పే కంపెనీని చూడటం తనకి ఇదే మొదటిసారి అన్నాడు. ఎండీ నా భుజం తట్టాడు. ఇంకో లాటు చేసుకోవడానికి గడువిచ్చారు. ఆ లాటు నెగ్గింది. సాయం వచ్చింది. ఆగిపోయిన రెండు లైన్లూ తిరిగాయి. నన్ను నెత్తిన పెట్టుకున్నారు.

కొత్త కట్టుదిట్టం ఏమిటో కూడా చెప్పాలి. గేటు దగ్గర టార్చిలైటు వేసి కళ్లు చూడటం. అందరివీ చూడాలని రాశాను. సెక్యూరిటీవాళ్లు ఎవరివి చూస్తారో మీరు ఊహించగలరు. దిల్షాద్ చెల్లెలి కళ్లలోకి రోజూ వేసేవాళ్లు, కొందరు సరదాకి రెండుసార్లు వేసేవాళ్లు. ప్యాకింగులో పిల్లలు దానికి సుర్మా అని పేరు పెట్టారు. రెండు నెలలకి మానేసింది. నేను తీసేయలేదు కదా, మాట నిలబెట్టుకున్నాను కదా అని అప్పట్లో అనుకున్నాను. అంత నీచంగా అనుకున్నాను. కొత్తగా చేరే ప్రతి బ్యాచికీ ఆ ఫోటో చూపించి పాఠం చెప్పేది ఇప్పటికీ నేనే. పిల్లలు నవ్వుతారు. నేను కూడా ఒక చిన్న నవ్వు నవ్వి తర్వాతి విషయానికి పోతాను.

ఏడాది కిందట పనిమీద కొత్తచెరువు వైపు పోతుంటే, శనక్కాయల మిల్లు ముందు బస్తాల ఆటోలు అడ్డమొచ్చి నా కారు ఆగింది. లోపల పొట్టు పొగలా లేస్తోంది. ఆడవాళ్లు కొంగులు మూతికి కట్టుకుని పప్పు ఏరుతున్నారు. వాళ్లలో ఆమె ఉంది. దగ్గుతోంది. రేణువంత దుమ్ము కూడా పడనీయని చేతులు మోచేతుల దాకా పొట్టులో ఉన్నాయి. నన్ను చూసింది. గుర్తుపట్టింది, సందేహం లేదు. లేచి వచ్చి, ఆటో పక్కకి తీయమని డ్రైవరుకి చెప్పి, మళ్లీ పోయి కూర్చుంది. నాకు దారి ఇప్పించింది. నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. ఒక్క మాట తిట్టొచ్చు కదా? ముఖాన ఉమ్మినా తుడుచుకుని, సరిపోయింది అనుకునేవాణ్ణి. ఆ పాటి ఉపకారం కూడా చేయలేదు. దారి దొరికింది కాబట్టి నేను కారు ఆపలేదు.

మూడొందల ఇళ్లలో పొయ్యి వెలగడం కోసం ఒక్క మనిషిని బలిచ్చాను అని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. వినడానికి బాగుంటుంది. కానీ అది కూడా అబద్ధమే. ఎండీ అడిగింది ఒక మనిషిని, దిల్షాద్‌ని కాదు. ఆ రిపోర్టులో ఆమె పేరు తీసి నా పేరు పెట్టినా కమిటీ అదే మాట అనేది. అదే గడువిచ్చేది. ఫ్యాక్టరీ బతికేది. పోయేది నా ఒక్కడి ఉద్యోగం. నా చదువుకి ఇంకోచోట దొరికేది కూడా. నేను కాపాడింది ఫ్యాక్టరీని కాదు.

ఇప్పుడెందుకు చెబుతున్నానంటారా? ఇంకో లైను వేయడానికి మళ్లీ ప్రభుత్వసాయం అడుగుతున్నాం. ఎండీ పిలిచి, దరఖాస్తులో ఆ సుర్మా సంగతి బాగా రాయండి, పోయినసారి కలిసొచ్చింది అన్నాడు. ఇదే సమయం అనుకున్నాను. చెప్పేద్దామని నోరు తెరిచాను. అలాగే సార్ అన్నాను. నిన్న మధ్యాహ్నం రాసి పంపాను. పాతదానికంటే బాగా కుదిరింది.

పంపాక ఇది రాయడం మొదలుపెట్టాను. క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించడానికి మీరెవరు, ఆమె ఉండగా? ఆమెని అడిగే ముఖం నాకు లేదు. లాటు పాడు చేసింది నేను. ఆ మాట పూర్తిగా, ఒక్క వాక్యంలో రాయడం నా జన్మలో ఇదే మొదటిసారి. రాశాక గుండె కొంచెం తేలికైంది. సిగ్గు లేకుండా తేలికైంది.

ఇది మొదటి నుంచి రెండుసార్లు చదివి చూసుకున్నాను. కంపెనీ పేరు లేదు. నా పేరు లేదు. ఊళ్ల పేర్లు మార్చాను. నన్ను పట్టించే ఆనవాలు ఒక్కటి కూడా లేకుండా జాగ్రత్తపడ్డాను. దిల్షాద్ అన్నది కూడా నేను పెట్టిన పేరే. అసలు పేరు నిన్న పంపిన దరఖాస్తులో రాశాను, తండ్రి పేరుతో, ఊరి పేరుతో సహా.