మధ్యలో చుక్క

నిడదవోలు హైస్కూల్లో మా సైన్సు మేడమ్ బోర్డు మధ్యలో చుక్క పెట్టి, "ఒకప్పుడు అన్నిటికీ మధ్యలో భూమి ఉందనుకున్నారు" అనేవారు. దాన్ని తుడిచి అక్కడే సూర్యుణ్ణి, అదీ తుడిచి పాలపుంతను గీసేవారు. డస్టరు పక్కనే ఉన్నా అరచేత్తోనే తుడిచేవారు. చివరికి ఖాళీ బోర్డు చూపించి, "విశ్వానికి మధ్యంటూ ఏదీ లేదర్రా" అనేవారు.

మొన్న వాళ్ళాయన పోయారని తెలిసి వెళ్ళాను. ఆయన్ని పడుకోబెట్టిన చోట, హాలు నడుమ, దీపం వెలుగుతోంది. మేడమ్ గోడకానుకుని దాన్నే చూస్తున్నారు. ఏడవడం లేదు. చేతులు ఒళ్ళో పడున్నాయి. కుర్చీలు వేయడానికి అడ్డమొస్తోందని బంధువు ఒకావిడ దీపాన్ని పక్కకి జరపబోయింది.

"జరపకండమ్మా," అన్నారు మేడమ్. "అది మధ్యలోనే ఉండాలి."