తూకానికి ముందు పులిహోర

నడివేసవి మధ్యాహ్నం బిలాస్‌పూర్ స్టేషను వెయిటింగు రూములో ఒక తెలుగు యువకుడు కంబళి కప్పుకుని కూర్చున్నాడు. జ్వరమా అని అడిగాను.

"జొరం కాదు బాబూ, బాక్సింగు. రేపు నాగపూర్‌లో తూకం. ఇంకో రెండు పౌన్లు దిగాల. దిగకపోతే పై తరగతిలోకి తోసేత్తారు, అక్కడందరూ దున్నపోతులే. పొద్దున్నంతా రైలు షెడ్డులో ఇంజను పొయ్యి ముందే కూకుని సెమట కార్చాను."

ఒళ్ళు ఏటా పెరుగుతోందట. ఏటా దాన్ని పాత తూకానికే దించుతున్నాడట. బుగ్గలు లోపలికి పీక్కుపోయాయి.

వాళ్ళమ్మ కట్టిచ్చిన పులిహోర పొట్లం విప్పాడు. "మీరు తినండి బాబూ."

ముందురోజు నుంచి నా కడుపులో ఏమీ లేదు. కానీ మాది ఒకప్పుడు ఊరందరికీ అన్నం పెట్టిన ఇల్లు. దారినపోయేవాడి పొట్లం ముట్టుకోవడమా!

"భోంచేసే బయల్దేరాను," అన్నాను.

"అచ్ఛా," అంటూ నా మొహం చూశాడు. "అయితే నాకు సాయం సెయ్యండి. ఇది ఎదురుగుంటే ఆగలేను, తినేత్తాను. అమ్మ సేతిది, పారెయ్యలేను."

సాయం అడిగినవాణ్ణి మా ఇంట్లో ఎవరూ కాదనలేదు. తిన్నాను. ప్రతి ముద్దనూ చూస్తూ, నోట్లో ఊరిన నీళ్ళు మింగకుండా తువ్వాలులో ఉమ్మాడు. అదీ తూకంలో తగ్గుతుందట.

బండి వచ్చింది. ఖాళీ ఆకు మడిచి సంచిలో పెట్టుకున్నాడు.

"నేనే తిన్నానని అమ్మకి సెప్తాను. మీరూ ఎవరికీ సెప్పకండి బాబూ."

అతను తూకానికి దిగాడో లేదో నాకు తెలియదు. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.